ఆగ్నేయ మూలకు అందని కేబుల్

నిన్న మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని సంగటి ముద్ద విరిచానో లేదో కరెంటు పోయింది. మదనపల్లెలో మేముండే అపార్ట్‌మెంటుకు పోయిన నెలలోనే పెద్ద జనరేటరు వచ్చింది కాబట్టి కాసేపట్లోనే ఫ్యాన్లు మళ్ళీ తిరిగాయి, ఎవరి భోజనం వాళ్ళు హాయిగా తిన్నారు, నేను తప్ప. నేను మాత్రం ఎంగిలి చెయ్యి కడుక్కుని, మా ఆవిడ గొణుగుతున్నా వినిపించుకోకుండా మెట్లు దిగి సెల్లారులోకి పోయి, ప్యానెల్ బోర్డులోకి ఎక్కే నల్లటి లావుపాటి కేబుల్ మీద ఎడమచేతి వెనక భాగం ఆనించి చూశాను. కాలిపోతోంది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "యాల ముడతాండారయ్యా దాన్ని, షాకు కొడితే ఎవురు జవాబు చెప్పేది" అని నా చెయ్యి పట్టి లాగాడు. ఇంతలో లిఫ్టు దిగి వచ్చిన మా అల్లుడు, అతనే మా అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీ, చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు నన్ను చూసి నవ్వి, "లైట్లు వెలుగుతాండాయి గదా మామా, ఇంకేం గావాల?" అన్నాడు. ఆ మాట వినగానే నా ఒళ్ళు మండింది. ఎందుకంటే సరిగ్గా అదే మాట, అక్షరం పొల్లుపోకుండా, ఒకప్పుడు పుంగనూరులో మా బావ నా మొహం మీద అన్నాడు.

నా బతుకు చూడండి, నోరెత్తి ఒక మాట అనలేని చుట్టాలకే కేబుళ్ళు చెప్పవలసి రావడం నా నుదుట రాసిపెట్టి ఉంది. బావనంటే అక్క నొచ్చుకుంటుంది, అల్లుణ్ణంటే కూతురు నొచ్చుకుంటుంది, కూతురు నొచ్చుకుంటే మా ఆవిడ నాకు కాఫీ ఇవ్వదు. ఈ జనరేటరుకు ఏ సైజు కేబుల్ వేయాలన్న సంగతి మా వాళ్ళు వాట్సాప్ గ్రూపులో తేల్చేశారు. ఒకాయన ఫోనును అడిగి ఒక సైజు పెట్టాడు, ఇంకొకాయన పక్క అపార్ట్‌మెంటులో ఇదే వేశారు కాబట్టి ఇదే వేద్దామన్నాడు, రెండూ ఒకటే అయ్యేసరికి దైవవాక్కు అన్నట్టు అందరూ సంబరపడ్డారు. అంతవరకూ బాగానే ఉంది. తీరా జనరేటరు లారీ దిగే సమయానికి, బోర్డు పక్కన పెడితే పొగ, చప్పుడు అని మొదటి అంతస్తువాళ్ళు అడ్డం తిరిగితే, దాన్ని తీసుకుపోయి వెనక గేటు దగ్గర ఆ చివర నిలబెట్టారు. చోటు మారింది, దూరం మారింది, పోయే దారి మారింది, లిఫ్టు కేబుళ్ళతో మోటారు కేబుళ్ళతో కలిపి ఒకే పైపులో దీన్నీ ఇరికించారు, సైజు మాత్రం గ్రూపులో పుట్టిన ముహూర్తంలో ఉన్నదే ఉండిపోయింది. నేను మీటింగులో లేచి చెప్పాను. "అది పాతకాలం లెక్క మామా" అన్నాడు అల్లుడు. కూర్చున్నాను.

నాకు ఈ లెక్క నేర్పినవాడు మా మేనమామ. కుప్పంలో ఆయన ఎలక్ట్రికల్ కంట్రాక్టరు, ఆ చుట్టుపక్కల గ్రానైటు కోసే ఫ్యాక్టరీలకు, రైసు మిల్లులకు వైరింగు ఆయనదే. డిప్లొమా పట్టా పట్టుకుని ఆయన దగ్గర పనికి చేరినప్పుడు కేబుళ్ళ పట్టికలన్నీ నాకు కంఠతా వచ్చు, ఏ సైజు ఎంత కరెంటు మోస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను, ఆ గర్వం కూడా కొంచెం ఉండేది. ఆయన పట్టికలు కాదనలేదు గానీ ఆయనకు ఒక పట్టింపు ఉండేది. ఎంత పెద్దమనిషి పనికి పిలిచినా సరే, జనరేటరు నిలబడే చోటు నుంచి బోర్డు దాకా కేబుల్ పడుకోబోయే దారి మొత్తం కాలినడకన నడిచి చూసేదాకా ఆ ఇంట్లో కాఫీ ముట్టేవాడు కాదు. ఎండలో చెమటలు కారుతుంటే గ్లాసు పట్టుకుని వాళ్ళు వెంటబడేవారు, ఈయన చేత్తో వారించి నడుస్తూ పోయేవాడు. ఎందుకట్లా అని అడిగితే, "తాగినాక మొగమాటం వస్తాదిరా, నడిసినాక తాగితే రాదు" అనేవాడు.

నడుస్తూ మూడే అడిగేవాడు, ఎంత లోడు, ఎంత దూరం, యాడ పడుకుంటాది అని. మన ఈడువాళ్ళకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు, బోరు నీళ్ళు పైపుల్లో తోలిన వాళ్ళం మనం. సన్నటి పైపుతో దగ్గర మడికి నీళ్ళు బాగా పారుతాయి, అదే పైపును ఆ చివరి చేను దాకా లాగితే ఒంటేలు పోసినట్టు కారుతాయి. కరెంటూ అంతే. దూరం పెరిగేకొద్దీ తీగ లావు పెరగాలి, లేదంటే చివరికి చేరేసరికి కరెంటుకు ఒంట్లో సత్తువ ఉండదు, బల్బు వెలుగుతుంది గానీ మోటారు లేవదు. పైగా దాన్ని మట్టిలో పూడ్చావా, గాలికి వదిలావా, నలుగురితో కలిపి గొట్టంలో కుక్కావా అన్నది కూడా చూడాలి, ఇరుకులో పడుకుంటే మనిషికే ఉక్కపోస్తుంది, కేబుల్‌కు పోయదా! ఇంత చిన్న సంగతి. దీన్ని చెప్పడానికి నా తల ప్రాణం తోకకు వచ్చిన కథే ఈ పుంగనూరు కథ.

మా అక్కను పుంగనూరులో ఇచ్చాం. మా బావ ఆ ఊరి బయట పొలంలో పాల చిల్లింగ్ సెంటరు పెట్టాడు, అంటే పల్లెల నుంచి క్యాన్లలో వచ్చిన పాలను పెద్ద ట్యాంకులో పోసి, కంప్రెషర్లతో చల్లబరిచి, లారీలకు ఎత్తే చోటు. డబ్బు బావది, పాలు మాత్రం అక్క మాట మీద వచ్చాయి. మా పుట్టిన ఊరు రామసముద్రం దగ్గర. వానల్లేని మెట్ట పల్లెలు మావి, చేలు మోసం చేసిన సంవత్సరం ఆవులే అన్నం పెట్టేవి. అంతకు ముందు సైకిలు మీద ఒకాయన వచ్చి పాలు పోయించుకునేవాడు, ఎండాకాలం వచ్చిందంటే చాలు వారంలో సగం రోజులు "నిన్నటి పాలు విరిగిపోయినాయి" అని చెప్పి చేతులు దులుపుకునేవాడు. నిజంగా విరిగాయో లేదో చూసిన ఆడమనిషి ఒక్కతీ లేదు, అడిగే దిక్కూ లేదు. మా అక్క పుట్టింటికి వచ్చి, ఆ ఊళ్ళలో ప్రతి వాకిట్లో నిలబడి, "మా సెంటర్లో పాలు విరిగినాయి అనే మాట మీ సెవిన పడితే, నన్ను ఈ ఊరి ఆడబిడ్డే కాదనండి" అని ఒట్టు లాంటి మాట ఇచ్చి వచ్చింది. ఆ మాట నమ్మి సైకిలాయనను మాన్పించారు వాళ్ళంతా. కాబట్టి ఆ జనరేటరు మీద ఆధారపడింది పాలు మాత్రమే కాదు, పుట్టిన ఊళ్ళో మా అక్క తలెత్తుకుని తిరగడం.

నేను కుప్పం నుంచి వి.కోట మీదుగా బస్సులో పుంగనూరు పోయి, అక్క చేతి కాఫీని కూడా పక్కన పెట్టించి, మేనమామ నేర్పినట్టే నడిచి చూశాను. స్థలం తూర్పుకు పొడుగ్గా ఉంది, బిల్డింగు పడమటి చివర ఉంది. జనరేటరును ప్యానెల్ గది కిటికీ కిందే పెడదామని బావ చూపించాడు. దగ్గర దారి, సుఖమైన దారి. లెక్క కట్టి, కంప్రెషర్లు లేచేటప్పుడు లాగే అదనపు కరెంటుకు కూడా చోటు వదిలి, నూట ఇరవై స్క్వేర్ ఎమ్మెమ్ అల్యూమినియం కేబుల్ ఆ దారికి సరిపోయే పొడవు రాసిచ్చి, ఆ తరువాతే కాఫీ తాగి వచ్చాను. అక్కడితో ఈ కథ ముగిసిపోవలసింది. ముగిస్తే అది మా చుట్టరికం ఎందుకవుతుంది!

బావ వాళ్ళమ్మ, అంటే మా అక్కకు అత్త, ఇళ్ళు కట్టే మేస్త్రి కూతురు. వాస్తు ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి. ఆమె మాటకు ఆ ఇంట్లో ఎదురుండేది కాదు. సెంటరు చూడడానికి వచ్చిన ఆమె కిటికీ కింద కట్టిన దిమ్మె చూసి, "అగ్గి పుట్టే మిషను ఆగ్నేయంలో పెట్టకుండా ఈడ పెడతారా ఎవురైనా?" అంది. అంతే. మర్నాటికల్లా స్థలానికి ఆగ్నేయ మూలలో, అంటే తూర్పు దక్షిణాలు కలిసే ఆ చివర, బిల్డింగు నుంచి చూస్తే మనిషి ఆనవాలు తెలియనంత దూరంలో, కొత్త దిమ్మె లేచింది. ఆ కబురు నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. చోటే కదా మారింది, మిషను మారలేదు కదా అనుకున్నారట.

నేను పోయి చూసేసరికి ఇంకొక ఘనకార్యం కూడా జరిగిపోయింది. కేబుల్ చుట్ట వచ్చిన రోజు శుక్రవారం కావడంతో, బావ వాళ్ళమ్మ దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, టెంకాయ కొట్టింది. నేను తల పట్టుకుని, ఈ కేబుల్ ఆ మూలకు అందనే అందదు, అందినా ఈ లావు చాలదు, దీన్ని వెనక్కిచ్చి ఇంకా లావుది ఒకే ముక్కగా తెద్దాం అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "పూజ చేసిన వస్తువును గడప దాటిస్తారా నాయనా? లచ్చిమిని వాకిట్లోకి తెచ్చి పో అనే మాదిరి ఉండాదే నీ మాట!" అంది. అట్లయితే జనరేటరునన్నా కిటికీ కిందికి తెండమ్మా అంటే, ఆగ్నేయం అంది. చేటంత చెవులున్నా వినేవాడికి మనసుండాలి కదా. కేబుల్ మారదు, మూల మారదు, మరి కరెంటును మారమని చెప్పాలేమో నేను!

బావకు నీళ్ళ పైపు కథ చెప్పాను. ఆయన రైతు బిడ్డ, పైపుల సంగతి నాకంటే బాగా తెలిసినవాడు, తల ఊపుతూ అంతా విన్నాడు, నిజమే నిజమే అన్నాడు, చివరికి, "అది నీళ్ళ సంగతి గదప్పా, కరెంటుకు బరువుంటాదా ఏమన్నా, అలిసిపొయ్యేదానికి?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అయింది నా పని. పోనీ ఇదే సైజుది ఇంకొక కేబుల్ అయినా పక్కనే వేయించి రెండింటినీ కలపండి, ఏదోలా గట్టెక్కుతాం అని కాళ్ళబేరానికి వచ్చి, కుప్పంలో పని ఆగిపోతుందని బస్సెక్కాను. నేనటు పోగానే బావ తమ్ముడి మిద్దె మీద పాత బోరు మోటారుకు వాడిన సన్నటి కేబుల్ ముక్క పడి ఉండడం వీళ్ళకు గుర్తొచ్చింది. ఉన్నది ఉండగా కొత్తది కొనడం ఏమి పొదుపని, పూజ చేసిన లావు కేబుల్ అయిపోయిన చోట ఆ సన్న ముక్కను అతికించి, అతుకు మీద టేపు చుట్టి, మట్టి కప్పేశారు. ఏనుగుకు ఎలుక తోక తగిలించారు. ఆ మట్టి మీద మళ్ళీ ఇంకొక టెంకాయ కొట్టారని తరువాత తెలిసింది.

ఎండాకాలం ముదిరింది. ఆ రోజు ఆదివారమని నేను అక్కను చూసిపోదామని వచ్చి ఉన్నాను. మిట్టమధ్యాహ్నం లైను కరెంటు పోయింది. జనరేటరు ఆ దూరాన గుర్రుమంది, ఇక్కడ లైట్లు వెలిగాయి, బావ మీసం దువ్వి నా భుజం మీద చెయ్యేసి, "లైట్లు వెలుగుతాండాయి గదప్పా, ఇంకేం గావాల?" అన్నాడు. కంప్రెషరు ఆన్ చేయండి అన్నాను. చేశారు. స్టార్టరు టకటకా కొట్టుకుంది, లైట్లు గుడ్డి దీపాల్లాగా కుంగిపోయాయి, మోటారు ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ మూలిగింది. వేయవద్దు మొర్రో అని నేను మొత్తుకుంటున్నా మళ్ళీ మళ్ళీ వేశారు, చివరికి అతుకు వేసిన చోట మట్టిలోంచి రబ్బరు కాలిన వాసన వచ్చి, జనరేటరు తనంతట తానే ఆగిపోయింది. లైను కరెంటు పొద్దు వాలేదాకా రాలేదు.

ట్యాంకు నిండా పొద్దుటి పాలు. ఆ ఎండలో అవి మెల్లగా వెచ్చబడుతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప ఎవరూ చేయగలిగింది లేకపోయింది. అక్క మాత్రం కూర్చోలేదు. బోర్డులోకి ఎక్కే కేబుల్ దగ్గరికి పోయి, బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు చేతి వెనక భాగం దాని మీద పెట్టి, "అబ్బా, ఒళ్ళు కాలిపోతాండాది, జరమొచ్చినట్టుండాది దీనికి" అంది. ముట్టుకోవద్దక్కా అని నేను అరిచాను, ఆమె వినలేదు. సాయంత్రం గరిటెడు పాలు తీసి పొయ్యి మీద కాచింది. పొంగు రాకముందే విరిగాయి. గిన్నెలోని ఆ తెల్లటి ముక్కలను చూస్తూ మా అక్క ఏడ్చిన ఏడుపు నేను ఆమె అత్తవారింటికి పోయే రోజున కూడా చూడలేదు. ట్యాంకు పాలన్నీ కాలవలోకి వదిలేశారు.

మర్నాడు పొద్దున్నే ఆమె రామసముద్రం బస్సెక్కింది, తోడుకు నేనూ పోయాను. పోవద్దు, రెండు రోజులు ఆగి నిదానంగా చెబుదాం అని బావ అన్నాడు, అబద్ధం ఆడమనలేదు గానీ ఆయన చూపు అటే ఉంది. అక్క ప్రతి వాకిట్లోనూ నిలబడి, దాచకుండా, పాలు విరిగాయని, తప్పు పాలది కాదు, మా కేబుల్‌దని చెప్పింది. వరసకు మాకు పెద్దమ్మ అయ్యే ముసలామె అరుగు మీద కూర్చుని ఆవుకు చొప్ప వేస్తూ అంతా విని, తలెత్తకుండానే, "సైకిలాయన గూడా ఇట్లే చెప్తాండె గదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. అట్లా అనకుండా కొట్టినా బాగుండేది. అక్క మొహం పాలిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, "ఆయప్ప ఎప్పుడన్నా మిమ్మల్ని రమ్మని పిలిసినాడా పెద్దమ్మా? నేను పిలుస్తాను. బాగు చేసినాక కబురు పెడతాను, మీరే వచ్చి సూసుకోండి, అంతవరకూ నాకు ఒక్క సుక్క పొయ్యద్దండి" అని లేచి వచ్చేసింది. తిరిగి బస్సెక్కాం. పుంగనూరు దిగేముందు ఆమె, "ఆ కేబులు చాలనిది దూరానికే గదా, ఇంకేం లోపం లేదు గదా?" అని అడిగింది. లేదక్కా, మొదట అనుకున్న చోటుకైతే అది బంగారం లాంటి కేబుల్ అన్నాను.

ఇంటికి పోయాక నేను మళ్ళీ నా పట్టికలు, నా లెక్కలు, నా పైపులు బయటికి తీసి బావ వాళ్ళమ్మ ముందు కూర్చున్నాను. ఆమె కూడా దిగులుగానే ఉంది, పాలు నేలపాలైతే ఏ ఇల్లాలికి బాధ ఉండదు, కానీ ఆగ్నేయం ఆగ్నేయమే అంటోంది. నేను లేచి అరిచేవాణ్ణే. ఇంతలో అక్క మంచినీళ్ళ చెంబు అత్త ముందు పెట్టి, ఎంతో అణకువగా, "అత్తా, మీరు సెప్పినట్టే ఆగ్నేయం తప్పకూడదు. నాకు తెలీక అడుగుతాండాను, బిల్డింగు పక్కనే తూరుపు దిక్కున అడ్డంగా ఒక గోడ కట్టేసి, అవతలి నేలను వేరే సేను కింద విడగొట్టేస్తే, మన సెంటరుకు ఆగ్నేయ మూల యాడికొస్తాది?" అని అడిగింది.

బావ వాళ్ళమ్మ చెంబు దించింది. లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, స్థలంలోకి నడిచింది. మేమంతా వెనకాల నడిచాం. తూర్పుకు చూసింది, దక్షిణానికి చూసింది, వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది, చివరికి ప్యానెల్ గది కిటికీ కింద మొదట కట్టిన దిమ్మె దగ్గరే ఆగి, కాలితో నేలను తట్టి, "ఈడికే వస్తాది" అంది. గేటు ఉత్తరానే ఉంది కాబట్టి దానికీ ఇబ్బంది లేదంది. "ఇది ముందే చెప్పాల్సింది గదమ్మా కోడలా" అని పైగా దెప్పింది కూడా.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిప్లొమా చదివి, మేనమామ దగ్గర ఎండల్లో నడిచి, ఇంటింటికీ పైపుల కథ చెప్పి నేను సాధించలేనిది, ఒక గోడ సాధించింది! మూల దగ్గరికి కేబుల్ పోలేకపోతే కేబుల్ దగ్గరికే మూలను తెచ్చుకున్నారు. ఆ గోడకయ్యే ఇటుకలు, సిమెంటు డబ్బుతో రెండు కొత్త కేబుళ్ళు తెచ్చుకోవచ్చని నేను అనబోతే, అక్క కంటితోనే నా నోరు మూయించింది. గోడ లేచింది. జనరేటరు కిటికీ కిందికి వచ్చింది. పూజ చేసిన కేబుల్‌ను కాలిన అతుకు దగ్గర కోసేసి, మిగిలిన మంచి కేబుల్‌ను ఒకే ముక్కగా నేనే దగ్గరుండి వేయించాను, అది దాని మొదటి దారిలో సరిగ్గా సరిపోయింది. కుప్పం నుంచి మా మేనమామ వచ్చి గోడను, కేబుల్‌ను చూసి, దారి నడిచి, కడుపుబ్బ నవ్వి, బావ వాళ్ళమ్మ చేతి కాఫీ అడిగి మరీ తాగాడు.

అక్క కబురు పెట్టింది. ఒక ట్రాక్టరు మాట్లాడుకుని మా ఊరి ఆడవాళ్ళు పుంగనూరు వచ్చారు, అరుగు మీద పెద్దమ్మ కూడా వచ్చింది. బావ వాళ్ళకు ట్యాంకు, కంప్రెషర్లు, కొత్త గోడ అన్నీ చూపించబోయాడు. అవన్నీ వాళ్ళకెందుకు! "ఆ జరమొచ్చిన కేబులేదమ్మా?" అని అడిగింది పెద్దమ్మ. లైను కరెంటు ఆపించి, జనరేటరు వేయించి, కంప్రెషర్లన్నీ ఆన్ చేయించాను, ఒక్కొక్కటీ మూలగకుండా లేచింది. వాటిని అట్లాగే తిరగనిచ్చి, ఆడవాళ్ళు అన్నాలు తిన్నాక, అక్క ముందు పోయి చేతి వెనక భాగం కేబుల్ మీద పెట్టి చూపించింది. ఆ తరువాత వరసగా ఒక్కొక్కరే వచ్చి, గాజుల చేతులు వెనక్కి తిప్పి దాని మీద ఆనించారు. ఈసారి నేను వద్దనలేదు, పైతొడుగు ఎక్కడా చీలలేదని ముందే తడిమి చూసుకున్నాను. పెద్దమ్మ అందరికన్నా చివర పెట్టి, చాలాసేపు తీయకుండా ఉంచి, "గోరెచ్చంగా ఉండాది, అంతే. బాలింత బిడ్డ ఒళ్ళు మాదిరి" అంది. ఆ తరువాత అక్క వైపు తిరిగి, "నువ్వు మా ఊరి ఆడబిడ్డవే పోమ్మా" అంది. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది, చూసి నేనూ పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున క్యాన్లు వచ్చాయి. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు వచ్చాయి.

ఇప్పుడు ఆ సెంటరు లేదు, బిల్డింగులో ఎవరో టమోటా ట్రేలు దాచుకుంటున్నారు. పోయిన ఏడు అటు పోతూ కారు ఆపించి చూశాను, గోడ మాత్రం చెక్కుచెదరలేదు. పొలం మధ్యలో అటూ ఇటూ ఏమీ లేకుండా ఈ గోడ ఎందుకుందని మా అల్లుడు అడిగితే, చెప్పడం మొదలుపెట్టాను గానీ సగంలోనే అతనికి ఫోను వచ్చింది. ఆ రోజుల్లో మనుషుల మూర్ఖత్వానికి కూడా ఒక దిక్కు, ఒక మూల ఉండేవి. ఎదురుగా కూర్చుని వాదించేవారు, తిట్టేవారు, లేచి వచ్చి నేలను కాలితో తట్టి చూసేవారు, ఒప్పుకున్నారంటే మనసారా ఒప్పుకునేవారు. నా ప్రాణాలు తోడేసిన ఆ బావ వాళ్ళమ్మను తలచుకుంటే ఇప్పుడు కోపం రావడం లేదు, ఆమె ఉంటే బాగుండుననిపిస్తోంది. వాట్సాప్ గ్రూపుకు ఆగ్నేయం ఎటుందని గోడ కట్టేది?

నిన్న సాయంత్రం మనసు ఆగక పుంగనూరులో ఉన్న అక్కకు ఫోను చేశాను. ఆమెకు చెవులు సరిగ్గా వినబడవు, అందుకని గట్టిగా అరుస్తూ మా అపార్ట్‌మెంటు జనరేటరు సంగతి మొదలుపెట్టాను. నన్ను మొత్తం చెప్పనివ్వలేదు.

"ఎంత దూరం నాయనా?" అంది.

చెప్పాను. పైపులో మిగతా కేబుళ్ళతో కలిపి కుక్కారని కూడా చెప్పాను. చేయి పెట్టి చూశావా అని అడిగింది, కాలుతోందక్కా అన్నాను.  "నువ్వు సెప్తే ఎవురూ వినరులే, నీ నోరు సంగతి నాకు తెల్దా. ఈసారి కరెంటు పోయినబ్బుడు అందర్నీ పిలిసి సెయ్యి పెట్టి సూడమను, వాళ్ళకే తెలుస్తాది" అంది.

ఈ రోజు పొద్దున మళ్ళీ కరెంటు పోయింది. జనరేటరు వేశారు. నేను సెల్లారులోకి దిగి, చాలాసేపు ఆగి, కేబుల్ మీద చెయ్యి పెట్టి చూసుకుని, కూతురు నేర్పిన ప్రకారం అచ్చు తప్పుల్లేకుండా టైపు చేసి గ్రూపులో పెట్టాను, దయచేసి అందరూ ఒక్కసారి కిందికి రండి, కేబుల్ మీద చెయ్యి పెట్టి చూడండి అని. పెట్టి, ఆ బోర్డు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫోను టింగు టింగుమని మోగుతూనే ఉంది. అన్ని అంతస్తుల నుంచీ బొటనవేళ్ళ బొమ్మలు వచ్చాయి, మొదటి బొటనవేలు మా అల్లుడిదే. కరెంటు తిరిగి వచ్చేదాకా కూర్చున్నాను. చెయ్యి మాత్రం ఒక్కటీ రాలేదు.